సమస్య: “కాకి యెంగిలి దిని మౌని ఘనత కెక్కె”

నిర్వాహకుడు: జెరోము రాసిన తొలి సన్యాసి పౌలు చరిత్ర చదువుతూంటే తట్టిందీ పాదం. ఐగుప్తు ఎడారి, గుహ, ఖర్జూరపు చెట్టు, నీటి ఊట, కాకి. సరంజామా ఇచ్చాను, ఇక కానివ్వండి.

పాలకొల్లు మాష్టారు:
డెసియసుని హింస కోర్వక విసిగి పాఱి
గుహను జేరిన పౌలుకు గూర్మి పక్షి
దినము నరరొట్టె ముక్కున దెచ్చి యొసగ
కాకి యెంగిలి దిని మౌని ఘనత కెక్కె

గోదారి గాలి: క్రైస్తవులను హింసించిన రోము చక్రవర్తి డెసియసుకి యతి దొరక్క ప్రాసయతితో (డెసి–విసి) గట్టెక్కారు, బాగుంది. కానీ ప్రాణభయంతో పారిపోయినవాడు ‘విసిగి’ పోయాడా మాష్టారూ? ముక్కున అరరొట్టె మాత్రం కళ్లకు కట్టింది.

పాలకొల్లు మాష్టారు: 60 ఏళ్లు అదే అరరొట్టె తిన్నా ఆయనకు రాని విసుగు మీకొచ్చింది.

వరంగల్ వాణి: అసలు ఎంగిలి అనడమే అన్యాయం. బైబిల్లో కెరీతు వాగు దగ్గర ఏలీయా ప్రవక్తకు రొట్టె, మాంసం మోసినవి కాకోలములే, అంటే కాకులే కదా. అమ్మమ్మ బైబిలు చదువుతూ ఆ మాట పలికినప్పుడల్లా అదేదో పెద్ద జంతువనుకునేదాన్ని!

గోదారి గాలి: నాదీ చూడండి. అంతోణి అనే మరో సన్యాసి పౌలును చూడ్డానికి వెళ్లిన రోజు కాకి నిండు రొట్టె తెచ్చింది. ‘మీరు విరవండి’ అంటే ‘మీరే విరవండి’ అని ఇద్దరూ సాయంత్రం దాకా మొహమాటపడ్డారు.
రొట్టె విఱచెడి వాదులో ప్రొద్దు పోయె
చెరొక కొసబట్టి లాగిరి చివర కపుడు
అంత నంతోణి గురుభక్తి నలరుచు నే
కాకి యెంగిలి దిని మౌని ఘనత కెక్కె
కాకిని వదిలేయండి, ఏకాకిని పట్టుకోండి.

నిర్వాహకుడు: భలే! నాకే తట్టలేదు.

పాలకొల్లు మాష్టారు: తట్టదు. ‘చునే’ లగం, లఘువు తర్వాత గురువు. తేటగీతి పాదం చివర గురువు కూర్చుంటే సూర్యగణం ఎక్కడికి పోవాలి? ఏకాకి మీద అంత మోజుంటే కందంలో ఇమ్మని అడగాల్సింది. రెండో పాదం గురువుతోనే ముగుస్తుంది, హాయిగా సరిపోయేది. ఇంకోటి, ఒక్క రోజు చూసినవాడికి గురుభక్తేమిటి?

గోదారి గాలి: అప్పటికి అంతోణికి 90 ఏళ్లు, పౌలుకి 113. పౌలు పోయాక సింహాలు రెండు వచ్చి గొయ్యి తవ్వాయి. పౌలు ఖర్జూరపాకుల అంగీని అంతోణి తెచ్చుకుని ఈస్టరుకీ పెంతెకొస్తు పండుగకీ తొడుక్కున్నాడు. భక్తి కాక మరేమిటి? సరే, మీ సిమియోను పద్యం సంగతో? అలెప్పో దగ్గర స్తంభం మీద 37 ఏళ్లున్న మనిషిని, గణం కోసం ‘ముప్పదేండ్లు’ చేశారు. ఏడేళ్లు కోసేసినవారు నా లగం లెక్కపెడుతున్నారా!

పాలకొల్లు మాష్టారు: గణం నిలిచింది. ఆయన 459లో పోయాడు, అభ్యంతరం చెప్పడానికి రాడు.

వరంగల్ వాణి: 😀 ఇద్దరికీ చెరొక కొస ఇవ్వండి.

నిర్వాహకుడు: మూడో పాదం ఇలా సర్దితే?
అంత నేకాకి మిగిలించ నంది యట్టి

గోదారి గాలి: గణాలు కుదిరాయి. కానీ ఏకాకి వేరు, కాకి వేరు అయ్యాక ఇంక చమత్కారమేముంది? నా లగం నాకే ఉండనివ్వండి.