పర్వియస్ కాంక్రీట్‌లో ఫైబర్ కలిపితే కంకర లేవడం ఆగుతుందా?

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డ్రైవ్‌వేకి నిరుడు మే నెలలో పర్వియస్ కాంక్రీట్ (నీళ్లు కిందికి దిగేలా రంధ్రాలుండే కాంక్రీట్) వేయించాం, వాన నీళ్లు అక్కడికక్కడే ఇంకిపోతాయని. ఇంకడం బాగానే ఇంకుతోంది, బకెట్ నీళ్లు పోస్తే చుక్క నిలవదు. కానీ కార్లు స్టీరింగ్ తిప్పే మలుపులో మాత్రం పైనున్న కంకర ఊడొస్తోంది. పల్లీ పట్టీలోంచి పల్లీలు రాలినట్టు. రోజూ ఊడ్చేవాళ్లకి చేటెడు రాళ్లు.

మిక్స్ వివరాలు: క్యూబిక్ మీటరుకు సిమెంట్ 350 కిలోలు, 10 మి.మీ. కంకర 1500 కిలోలు, నీళ్లు 110 లీటర్లు, ఇసుక లేదు. 150 మి.మీ. మందం. వేశాక పాలిథిన్ షీట్ ఏడు రోజులు కప్పి ఉంచమంటే మేస్త్రీ మూడో రోజే తీసేశాడు. సగం తప్పు అక్కడే ఉందని నా అనుమానం.

ఇప్పుడు ఆ మలుపు పగలగొట్టి మళ్లీ వేయాలి. ఈసారి పాలీప్రొపిలీన్ ఫైబర్ (ప్లాస్టిక్ పోగులు) కలపమంటున్నారు. వెంట్రుకల్లాంటి 12 మి.మీ. సన్న ఫైబర్ క్యూబిక్ మీటరుకు 900 గ్రాములు చాలంటాడు ఒకాయన. కాదు, 40 మి.మీ. మందపు రకం మూడు కిలోలైనా పడాలంటాడు ఇంకొకాయన. నిజానికి ఫైబర్ పగుళ్లనేనా ఆపేది, పై రాళ్లను కూడా పట్టి ఉంచుతుందా? సన్నది ఉండలు కట్టి రంధ్రాలు పూడ్చేస్తుందేమోనని టెన్షన్. పైగా మిక్స్ బిగుసుకుపోయిందని మేస్త్రీ నీళ్లు పోసేస్తే సిమెంట్ పేస్టంతా అడుక్కి జారిపోతుంది.

సొంతంగా వేయించి, ఒక్క వానాకాలమైనా చూసినవాళ్లు ఏ రకం, ఎంత కలిపారో చెప్పండి ప్లీజ్. కొంచెం ఇసుక కలిపితే ఫైబర్ అవసరమే ఉండదా?