క్రాంక్ ఆయిల్ సీల్ పని: షోరూమ్‌కా, షెడ్డుకా?

పానగల్ రోడ్:
అందరికీ నమస్తే. మాది నల్గొండ. పదేళ్ల డీజిల్ కారు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పొద్దున లేచి చూస్తే ఇంటి ముందు బండల మీద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక. ఇంజనూ గేర్ బాక్సూ కలిసే అతుకు దగ్గర కారుతోంది. హైదరాబాద్ షోరూమ్‌లో చూపిస్తే క్రాంక్, అదే ఇంజన్‌లో తిరిగే ఇరుసు, దాని వెనక ఆయిల్‌ను ఆపే సీల్ పోయింది, గేర్ బాక్స్ దింపాలి, మొత్తం 31,000 అన్నారు. ఇక్కడ మా వీధి చివర షెడ్డు ఉస్తాద్ 9,500కు చేస్తానంటున్నాడు. సీల్ ఖరీదు ఇద్దరూ వెయ్యి లోపే చెప్పారు. అంత చిన్న రబ్బరు ముక్కకు ముప్పై వేలా అని నిద్ర పట్టడం లేదు. ఎవరికివ్వాలి?

పాలమూరు డీజిల్:
షోరూమ్‌కే ఇవ్వు తమ్ముడూ. ఇదే పని మూడేళ్ల కింద మహబూబ్‌నగర్‌లో ఒక షెడ్డులో చేయించా. ఇరవై రోజులకే మళ్లీ కారింది. అడిగితే "సీల్ క్వాలిటీ మంచిగ లేదు సార్" అన్నాడు. మళ్లీ దింపాలంటే మళ్లీ కూలీ ఇమ్మన్నాడు. బిల్లు లేదు, కాగితం లేదు. ఏం పట్టుకొని కొట్లాడాలి?

జడ్చర్ల జంక్షన్:
రెండూ వద్దు. నెలకు అర లీటరు ఆయిల్ పోసుకుంటూ తిరుగు. 31,000 పెడితే ఎన్నేళ్ల ఆయిల్ వస్తుందో లెక్క వేసుకో.

ఆటోనగర్ పాతకాపు:
జంక్షన్ తమ్ముడి లెక్క బాగుంది, కానీ ఆ సీల్ పక్కనే క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆయిల్ దానికి తగిలిన రోజు శ్రీశైలం ఘాట్‌లో ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ఎక్కదు. అప్పుడు క్లచ్ ఖర్చు కూడా తోడవుతుంది.

పానగల్ తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. అది సీలే అని ఎవరైనా నీకు చూపించారా, నోటితో చెప్పారా? ఇంజన్ పైమూత, అదే టాపెట్ కవర్, దాని ప్యాకింగ్ పోయినా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర కారినా, ఆయిల్ ఇంజన్ వెనక నుంచి జారి సరిగ్గా ఆ అతుకు దగ్గరే చుక్కగా పడుతుంది. ఆ పనులకు గేర్ బాక్స్ దింపే అవసరమే లేదు. ఇంజన్ వెనక భాగం కడిగించి, ఆరాక ఒంటికి రాసుకునే పౌడర్ చల్లు. ఒక ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగి వచ్చి టార్చి వేసి చూడు. తడి ఎక్కడ మొదలైందో పౌడరే చెబుతుంది.

పాలమూరన్నా, నీ బండికి ఉస్తాద్ బ్రీదర్ చూశాడా? ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే ఆ దారి మూసుకుపోతే ప్రెషర్ పెరిగి ఆయిల్‌ను సీళ్ల మీదికి తోస్తుంది. అది శుభ్రం చేయకుండా ఎంత ఒరిజినల్ సీల్ వేసినా అదే గతి. ఇంకా, సీల్ అంచు ఆనే చోట క్రాంక్ మీద ఏళ్ల తరబడి రాసుకుని గాడి పడుతుంది. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. గాడి ఉంటే కొత్త సీల్‌ను కాస్త జరిపి కూర్చోబెట్టాలి, లేదా పలుచని స్లీవ్ తొడగాలి. కొత్త బండ్లలో వచ్చే టెఫ్లాన్ సీళ్లనైతే పొడిగానే వేయాలి. పాత అలవాటు కొద్దీ వేలితో ఆయిల్ పూసి వేస్తే అది కుదురుకోదు, కారుతుంది. మంచి మంచి ఉస్తాద్‌లు ఇక్కడే దెబ్బతింటారు.

పాలమూరు డీజిల్:
చెప్పినవన్నీ నిజమే కావచ్చు అన్నా. కానీ గేర్ బాక్స్ దింపాక గాడి చూశాడో లేదో, ఆయిల్ పూశాడో లేదో నాకెట్లా తెలుస్తుంది? నేను ఆఫీసులో ఉంటా. అందుకే కాగితం కావాలంటున్నా. బిల్లు ఉంటే రేపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కైనా పోవచ్చు. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

ఆటోనగర్ పాతకాపు:
సీల్ కారిందని కమిషన్‌కు తిరుగుతావా అన్నా? సరే, కాగితం ఉండాలి, ఒప్పుకుంటా. కానీ కాగితం షోరూమ్ సొత్తేం కాదు. షెడ్డు వాడి చేత కూడా రాయించుకోవచ్చు. రాయనంటే ఆ షెడ్డు వద్దు. షోరూమ్‌లో మాత్రం గేర్ బాక్స్ దింపేది ఎవరో నీకు కనిపిస్తుందా? షెడ్డులో కనీసం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవచ్చు.

మిర్యాలగూడ రైస్:
ఒక చిన్న మాట. ఆ 31,000లో క్లచ్ ఉందా, లేదా? అది తెలియకుండా రెండు రేట్లను పోల్చి లాభం లేదు.

పానగల్ రోడ్:
నా తప్పే, రాయలేదు. షోరూమ్ రేటులో క్లచ్ సెట్ ఉంది. ఉస్తాద్ రేటులో లేదు. వేయాలంటే ఇంకో 8,000 అన్నాడు.

మిర్యాలగూడ రైస్:
మరి అదే చెబుతున్నా. 31,000కూ 17,500కూ పోలిక అన్నమాట. ఈ వయసు బండికి క్లచ్ ఇప్పుడే వేయించు. మళ్లీ ఏడాదికి క్లచ్ పోతే అదే కూలీ రెండోసారి కట్టాలి. హైదరాబాద్ అంటే పోను రాను రెండు వందల కిలోమీటర్లు, పంతంగి టోల్, రెండు రోజుల సెలవు. మళ్లీ కారితే మళ్లీ అంత దూరం. అదీ కలుపుకో.

పానగల్ రోడ్:
ఆదివారం పౌడర్ పని చేశా. మా ఆవిడ డబ్బా సగం ఖాళీ, ఇంట్లో మాట వచ్చింది. నార్కట్‌పల్లి దాకా పోయి వచ్చి చూస్తే పైన అంతా తెల్లగానే ఉంది. టాపెట్ కవర్ పొడి. తడి కింద అతుకు దగ్గరే. అంటే సీలే.

ఉస్తాద్‌కు చెబితే తనే బండి కిందికి దూరి ఇంకోసారి చూశాడు. బ్రీదర్ సంగతి నేను అడగకముందే పైపు ఊడదీసి నోటితో ఊది చూపించాడు. ఆరు నెలల్లోపు కారితే కూలీ లేకుండా చేస్తానని బిల్లు మీద రాసిస్తానన్నాడు. సీల్, క్లచ్ నేనే కంపెనీ పార్టుల షాపులో కొని తెస్తా. బుధవారం సెలవు పెట్టి అక్కడే కూర్చుంటా. పాలమూరన్న తిట్టినా సరే.

పాలమూరు డీజిల్:
తిట్టను గానీ, ఒకటి అడుగుతా. క్రాంక్ చివర ఉండే ఫ్లైవీల్ చక్రం బోల్టులను కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ అతని దగ్గర ఉందా?

పానగల్ రోడ్:
అడగలేదు. రేపు పొద్దున అడుగుతా.