చర్చ: సైకాలజీ విద్యార్థుల చేతికి అసలు టెస్ట్ కిట్ ఇవ్వాలా, వద్దా?

అసెస్‌మెంట్ పేపర్ (చర్చ మొదలుపెట్టినవారు)

మా డిపార్ట్‌మెంటులో ఒక తగువు ఎంతకీ తెగడం లేదు. పీజీ మొదటి ఏడాదికి సైకలాజికల్ టెస్టింగ్ పేపరు నేను చెప్తాను. ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థీ టెస్ట్ కిట్ (ప్రశ్నలు, బొమ్మలు, దిమ్మలు, మాన్యువల్ ఉండే పెట్టె) తీసుకుని ఒక ప్రజ్ఞా పరీక్ష, ఒక వ్యక్తిత్వ ప్రశ్నావళి తెలిసినవాళ్లెవరికైనా పెట్టి, స్కోరు వేసి, రిపోర్టు రాయాలి. ఇది మానేద్దామని సగం మంది సహోద్యోగుల వాదన. క్లినికల్ వైపు వెళ్లేవాళ్లు ఎలాగూ అక్కడ నేర్చుకుంటారు, మిగతావాళ్లకు విశ్వసనీయత (మళ్లీ పెట్టినా దాదాపు అదే స్కోరు రావడం), వ్యాలిడిటీ (కొలవాలనుకున్నదాన్నే కొలవడం), నార్మ్స్ (పోల్చి చూడడానికి అదే వయసువాళ్ల స్కోర్ల పట్టికలు) అర్థమై ఒక రిపోర్టు చదివి అందులో మంచిచెడ్డలు చెప్పగలిగితే చాలట. నాకు మానడం ఇష్టం లేదు. ఎందుకో మాత్రం మీటింగులో గట్టిగా చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

బెల్ కర్వ్

మానేయండి. కిట్ తెరవడం వచ్చినవాళ్లు కావలసినంత మంది ఉన్నారు, వచ్చిన అంకెను చదవగలిగినవాళ్లకే కరువు.

ఒకరికి ఐక్యూ 72 వచ్చిందనుకోండి. పరీక్ష విశ్వసనీయత 0.96, అంటే చాలా మంచి పరీక్షే. సగటు 100, ప్రామాణిక విచలనం 15 అయినప్పుడు కొలతలో ప్రామాణిక దోషం (వచ్చిన స్కోరు అసలు స్కోరుకి మామూలుగా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే అంకె) 3 వస్తుంది. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఆ 72ని 66 నుంచి 78 దాకా ఉన్న పట్టీగా చూడాలి. మేధో వైకల్యం ఉందా లేదా అని చూడడానికి 70 దగ్గర గీసే గీత ఆ పట్టీ లోపలే పడుతుంది. "72 వచ్చింది, 70 దాటింది, ఇబ్బంది లేదు" అని రాసేసే విద్యార్థికి స్టాప్‌వాచ్ ఇచ్చి ఏం లాభం?

ఇంకో లెక్క. 1000 మందిలో 50 మందికి ఒక సమస్య ఉంది. ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకునే, లేనివాళ్లలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేసే ప్రశ్నావళి పెట్టాం. సమస్య ఉండి దొరికినవాళ్లు 45 మంది, లేకుండానే దొరికినవాళ్లు 95 మంది. పాజిటివ్ వచ్చిన 140 మందిలో నిజంగా సమస్య ఉన్నది మూడోవంతు కంటే తక్కువ. ఈ లెక్క వేయలేనివాళ్లు టెస్టు ఎంత చక్కగా పెట్టినా ప్రమాదమే.

పీజీ రెండో ఏడు

బెల్ కర్వ్ గారూ, లెక్క ఒప్పుకుంటాను సర్. కానీ ఆ 72 ఎక్కడి నుంచి వచ్చిందో చూడని మనిషికి దోష పరిధి కూడా పుస్తకంలో సూత్రమే. అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పించే సబ్‌టెస్టు ఉంది కదా. సెకనుకు ఒక అంకె చొప్పున, ఒకే స్వరంతో చదవాలి. చదవడానికి కూర్చుంటే తెలిసింది, నోరు దానంతటదే ఫోన్ నంబరు చెప్పినట్టు రెండేసి, మూడేసి అంకెలు కలిపేస్తుందని. అలా కలిపితే వినేవాళ్లకు గుర్తుపెట్టుకోవడం తేలికైపోతుంది, స్కోరు పెరుగుతుంది. "ప్రామాణిక పద్ధతిలో నిర్వహించాలి" అన్న వాక్యం క్లాసులో ఎన్నిసార్లు విన్నా నాకు ఇది తట్టలేదు.

క్లినిక్ వైపు నుంచి

ఇంటర్న్‌షిప్‌కి వచ్చే విద్యార్థుల ప్రోటోకాల్స్, అంటే జవాబులూ మార్కులూ రాసిన టెస్టు కాగితాలు, దిద్దడం నా పని. అక్కడ కనిపించేది చెప్తాను.

మొదటి తప్పు చాలాసార్లు మొదటి పేజీలోనే ఉంటుంది: వయసు. పుట్టిన తేదీని పరీక్ష తేదీలోంచి తీసేయడంలో ఒక నెల అటూఇటూ అయితే కొన్నిసార్లు నార్మ్స్ పట్టికే మారిపోతుంది. ఆ తర్వాత చేసిన పనంతా ఎంత శుభ్రంగా ఉన్నా వేరే వయసువాళ్లతో పోల్చినట్టే.

రెండోది, జవాబుని అన్న మాటల్లోనే రాయకపోవడం. మూడోది అడగాల్సిన చోట అడగకపోవడం. అసలు ప్రశ్నలు ఇక్కడ పెట్టకూడదు కాబట్టి కల్పించి చెప్తున్నాను. "గడియారం అంటే ఏమిటి?" అంటే పిల్లాడు "గోడకి ఉంటుంది" అన్నాడు. ఇక్కడ "ఇంకాస్త చెప్పు" అని ఊరుకోవాలి. ఒకరు ఏమీ అడగకుండా సున్నా వేస్తారు. ఇంకొకరు జాలిపడి "అంటే టైం చూసుకోవడానికా?" అని అందిస్తారు, పిల్లాడు తలూపుతాడు, పూర్తి మార్కులు. కాగితం మీద మాత్రం రెండూ ఒకే రకం గళ్లు. మొత్తం కూడడంలో తప్పు చేస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది, ఇలాంటిదాన్ని పట్టుకోలేదు.

పేపరు చెప్పే మిత్రులు వినాల్సింది ఇదీ. వెక్స్‌లర్ పరీక్షలు (బాగా వాడుకలో ఉన్న ప్రజ్ఞా పరీక్షలు) నేర్చుకునే విద్యార్థుల తప్పుల మీద 1980ల నుంచే పరిశోధనలు ఉన్నాయి. ఊరికే మళ్లీమళ్లీ పెట్టించినంత మాత్రాన తప్పులు పెద్దగా తగ్గడం లేదని వాటిలో కొన్ని తేల్చాయి. ఇందులో వింతేమీ లేదు. ఎవరూ దిద్దకపోతే పదో టెస్టులో కూడా అదే తప్పు చేస్తారు, కాకపోతే ధీమాగా చేస్తారు. కాబట్టి కిట్ ఇవ్వాలా వద్దా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఇచ్చాక ప్రతి ప్రోటోకాల్‌లో ఒక్కో గడినీ ఎవరు చూస్తారన్నది మొదటిది. చూసేవాళ్లు లేకపోతే నా ఓటు బెల్ కర్వ్ గారికే.

బెల్ కర్వ్

ఆ "తెలిసినవాళ్లు" ఎవరన్నది కూడా చూడండి. సాధారణంగా రూమ్మేటో, చెల్లెలో. ఆ అమ్మాయి స్కోరు టెస్టు పెట్టిన విద్యార్థికి తెలిసిపోతుంది, మర్నాడు కలిసి కూర్చోవాలి. "ఎంతొచ్చింది?" అని అడిగితే? నేర్చుకునేవాళ్లు వేసిన స్కోరుని నమ్మడానికి లేదు కాబట్టి చెప్పకూడదు. చెప్పకపోతే తక్కువ వచ్చిందేమోనని ఆవిడ మథనపడుతుంది. పైగా రేపు ఆవిడకే తలకు దెబ్బ తగిలి నిజంగా అదే పరీక్ష అవసరమైతే? బొమ్మలు ముందే చూసి ఉంటే, ముఖ్యంగా టైం పెట్టి చేయించే పనుల్లో స్కోరు పెరుగుతుంది. రెంటి మధ్యా పెద్దగా వ్యవధి లేకపోతే మరీను.

ఇంకు మరక

అసలు ముందు సిలబస్‌లోంచి రోర్షాక్ (ఇంకు మరకల్లో ఏం కనిపిస్తుందో అడిగే పరీక్ష) తీసెయ్యండి. 1921 నాటి పది పటాలు 2009లో వికీపీడియాలోకి ఎక్కేశాయి, ఇంకా టెస్ట్ సెక్యూరిటీ, అంటే ప్రశ్నలు బయటికి పొక్కకూడదు, అంటారేమిటి!

క్లినిక్ వైపు నుంచి

దానికి వేరే చర్చ పెట్టండి, అక్కడ నేనూ తిడతాను. ఒకటి బయటపడిందని మిగతావన్నీ బయట పెట్టేయమని అర్థం కాదు కదా.

పీజీ రెండో ఏడు

ఇంట్లోవాళ్ల మీద చేయకూడదన్నది ఒప్పుకుంటున్నాను. మాకిప్పుడు జంటలుగా కూర్చోబెట్టి, ఒకరికి ముందే రాసిన జవాబులు ఇచ్చి క్లయింట్‌లా నటించమంటున్నారు. స్కోరు ఎవరిదీ కాదు, ఆ గొడవ తీరింది. జవాబులు సార్‌కి ముందే తెలుసు కాబట్టి దిద్దడం కూడా సులువు. కానీ నటించే క్లయింట్ అలిసిపోడు. "బాత్రూంకి వెళ్తాను" అనడు. టైం నడుస్తుండగా సగంలో దిమ్మలు తోసేసి మొహం తిప్పుకోడు. అవి ఎక్కడ నేర్చుకోవాలి?

క్లినిక్ వైపు నుంచి

నా దగ్గరికి వచ్చాక, నేను పక్కన కూర్చుని ఉండగా. అయితే ప్రశ్న వైపు చూడకుండా చదవడం, ఎక్కడ ఆపాలి, ఎక్కడ వెనక్కి వెళ్లాలి అన్నవి అప్పటికే చేతికి వచ్చి ఉండాలి. మాన్యువల్‌లో తల దూర్చినవాళ్లకు పిల్లాడి మొహం కనపడదు.

రిపోర్టు గురించి ఎవరూ ఎత్తలేదు. 1949లో ఫోరర్ ప్రచురించిన ప్రయోగం మనందరం చదివిందే. విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, అందరికీ ఒకే వర్ణన ఇచ్చి, నీకు ఎంత సరిపోయిందని అడిగితే 5కి సగటున 4 పైనే వేశారు. నాకు వచ్చే రిపోర్టుల్లో సగం ఆ వర్ణనలాగే ఉంటాయి: "అవకాశం ఇస్తే రాణించగలడు, ఒక్కోసారి ఆత్మవిశ్వాసం తగ్గుతుంది." ఎవరికి కాదు ఇది? పేర్లు తీసేసి మూడు రిపోర్టులు, మూడు ప్రోటోకాల్స్ కలిపి ఇచ్చి, ఏది ఎవరిదో క్లాసుని జత చేయమనండి. జత కుదరని రిపోర్టు వెనక్కి పంపండి. దీనికి కిట్ కూడా అక్కర్లేదు.

బెల్ కర్వ్

ఇది బాగుంది. ఇలా అయితే నాకు అభ్యంతరం తగ్గుతుంది, పోదు. ఆ పట్టీ లేకుండా ఒంటి అంకె రాసిన రిపోర్టుని కూడా వెనక్కి పంపుతారా?

క్లినిక్ వైపు నుంచి

చూడకుండా పంపుతాను.

అసెస్‌మెంట్ పేపర్

ఇంటివాళ్లకు పెట్టడం మానేసి రాసిచ్చిన జవాబులతో, వీడియో తీసి చేయిద్దామని సోమవారం మీటింగులో పెడతాను. ఒక్కో వీడియో గంటపైనే ఉంటుంది. దిద్దడానికి ఉన్నది నేనూ, ఇంకొకరూ. ఆయనేమో మానేద్దామనే పక్షం. వీడియోలు పూర్తిగా చూడకుండా దిద్దే దారి ఎవరి దగ్గరైనా ఉంటే మీటింగుకి ముందే చెప్పండి.

పీజీ రెండో ఏడు

మొదటి వడపోత సీనియర్లకు ఇవ్వండి మేడమ్. జవాబులు ముందే రాసి ఉన్నాయి కాబట్టి తేడా పడ్డ గళ్లే గుర్తుపెట్టి, ఆ నిమిషాలు మాత్రం మీకు పంపుతాం.