“జాఱి రానీక”: ఎల్కోలో గుర్తుకొచ్చిన సీసపాదం

ప్రశ్న:
అమెరికాలోని నెవడా రాష్ట్రంలో, ఎల్కో పట్టణపు పాత పయొనీర్ హోటల్ భవనంలో ఉన్న వెస్టర్న్ ఫోక్‌లైఫ్ సెంటర్ ప్రదర్శనశాలను ఇటీవల చూశాను. పశువుల కాపరులే తమ పద్యాలు చదువుకొనే కౌబాయ్ కవుల సమావేశం 1985లో మొదలైంది ఆ ఊళ్ళోనే. పచ్చితోలు పట్టీలను జడలా అల్లిన ‘రియాటా’ అనే తాడునూ, ముందువైపు కొమ్మున్న జీనునూ చూస్తూ నిలబడగానే పోతనగారి భాగవతంలో బాలకృష్ణుడు గొల్లపిల్లలతో కలిసి చల్ది తినే పద్యం నోటికి వచ్చింది. “విమల శృంగంబును వేత్రదండంబును” (నిర్మలమైన కొమ్ముబూరనూ బెత్తపుకర్రనూ) తరువాత “జాఱనీయక డాచంక నిఱికి” (జారనీయకుండా ఎడమచంకలో ఇరికించి) అని నా జ్ఞాపకం. ఇది సరియైన పాఠమేనా?

జవాబు:
“జాఱి రానీక” అన్నదే పాఠం. సీసపాదం రెండో సగంలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు రావాలి. ‘జాఱి రా’, ‘నీక డా’ రెండూ ర-గణాలు, అంటే ఇంద్రగణాలే. ‘చంక’, ‘నిఱికి’ సూర్యగణాలు. మీ పాఠంలో ‘జాఱనీ’ నిలుస్తుంది గాని ‘యక డా’ ఏ ఇంద్రగణమూ కాదు. గణాలను పక్కన పెట్టినా ఆ ‘రా’ను వదులుకోలేము. ‘జారనీయక’ అంటే వట్టి పట్టు మాత్రమే. ‘జాఱి రానీక’ అన్నప్పుడు కర్ర అప్పటికే కిందికి దిగుతుంటే పిల్లవాడు మోచెయ్యి బిగించి ఆపుతున్నట్టు కనిపిస్తుంది.

మరొక జవాబు:
అయ్యా, నా దృష్టిలో ‘రా’ కంటే ‘డా’ ముఖ్యం. సంస్కృతమూలంలో “శృంగవేత్రే చ కక్షే” (కొమ్మూ కర్రా చంకలో) దగ్గర ఒక పాదం ముగిసి, “వామే పాణౌ” (ఎడమచేతిలో) అని తరువాతి పాదం మొదలవుతుంది కనుక ఎడమ అన్నది చేతికే చెందుతుందని అన్వయించవచ్చు. పోతన దానిని దేహళీదీపన్యాయంగా, అంటే గడపమీది దీపం రెండువైపులా వెలుగిచ్చినట్టు, చంకకూ చేతికీ కలిపాడని నా అభిప్రాయం. అందుకే కొమ్మూ కర్రా ఎడమచంకలోకి, మీగడపెరుగు కలిపిన చల్దిముద్ద ఎడమచేతిలోకి వచ్చాయి. చెయ్యి కాస్త ఎత్తితే కర్ర జారుతుంది. ‘రానీక’కు బలం అక్కడినుంచే వచ్చింది.

ఇంకొక జవాబు:
ఎల్కో ప్రాంతంలో కౌబాయ్‌ని ‘బకరూ’ అంటారు. అది స్పానిష్ ‘వకేరో’ నుంచి వచ్చిందని చెబుతారు. మన వెన్న కన్నడంలో బెణ్ణె, మన వేరు అక్కడ బేరు అయినట్టే ఇదీ అయిందని నా ఊహ.

దానికి ప్రతి:
ఆ పోలిక కుదరదు. స్పానిష్‌లో పదం మొదట వ, బ అక్షరాలు రెంటికీ ఉచ్చారణ ఒక్కటే. ఇంగ్లీషువారు తమ చెవికి వినిపించిన ‘బ’నే రాసుకొన్నారు. వివరించవలసింది ‘కే’ మీది ఊనిక చివరి ‘రూ’ మీదికి ఎలా వెళ్ళిందన్నదే.

అడిగినవారు:
‘డా’ గురించి చెప్పినది నాకు బాగా నచ్చింది. బకరూ కూడా కళ్ళేన్నీ తాడు చుట్టలనూ ఎడమచేతనే పట్టుకొని, కుడిచేత్తో ఉచ్చు విసరుతాడు. అయితే పచ్చితోలు తాడు ఒక్క కుదుపుకు తెగిపోగలదు కనుక, పశువు బరువు పడగానే దానిని జీనుకొమ్ము చుట్టూ కొంత జారనివ్వడమే అతని నేర్పు; అందుకే ఆ కొమ్మును నున్నగా ఉంచుతారు. అది విన్నప్పటినుంచి ‘విమల శృంగంబు’లోని ‘విమల’ నన్ను వదలడం లేదు. మూలంలో ఆ విశేషణం లేదు. పోతన దానిని గణం కోసం వేశాడా, లేక గొల్లపిల్లలు నున్నగా చెక్కుకొన్న కొమ్మును తలచుకొని వేశాడా?