సమస్యాపూరణం: ఇల్లు మీఁదఁ బడిన నేమి గాదు

నిర్వాహకులు: ఈ వారపు సమస్య "ఇల్లు మీఁదఁ బడిన నేమి గాదు". మూకీల హాస్యనటుడు బస్టర్ కీటన్ నటజీవితాన్ని దాటి పూరణ బయటికి పోకూడదు.

కృష్ణాతీరం:
కిటికి సందులోనఁ గీటను నిలువంగ
గోడ యొరిగి నేలఁ గూలెఁ గాని
యంగుళాల కొలత యాయువు నిలిపెను
ఇల్లు మీఁదఁ బడిన నేమి గాదు

యతిప్రియ: మూడవ పాదంలో వాక్యం ముగిసింది కనుక "ఇల్లు"కు విసంధి (ముందు పదంతో సంధి కలపకపోవడం) చక్కగా చెల్లింది. అయితే 1928 నాటి 'స్టీంబోట్ బిల్ జూనియర్'లోని ఈ గోడ అందరికీ తట్టేదే. 1919లో 'బ్యాక్ స్టేజ్'లో రంగస్థలపు గోడ తోటి హాస్యనటుడు ఆర్బకిల్ మీద పడినప్పుడూ, 1920లో 'వన్ వీక్'లో కీటన్ మీదే పడినప్పుడూ కిటికీయే కాపాడింది; తేలికపాటి గోడలతో మొదలైన ఆ హాస్యం చివరికి రెండు టన్నుల బరువుకు ఎదిగిన క్రమం పద్యంలోకి రాలేదు.

కృష్ణాతీరం: నాలుగు పాదాల ఆటవెలదిలో తొమ్మిదేళ్ల చరిత్రను వెతికే యతిప్రియగారు, కీటన్ చిత్రం 'ది జనరల్' మీద తాము రాసిన "రైలు కూలె నదిని కీటను చూడఁగా" అన్న పాదంలో యతిని (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరాన్ని) ఎందుకు వెతకలేదో చెప్పాలి. "రైలు కూలె నదిని రాతిమో మదరదు" అని ఉంటే యతీ నిలిచేది, ఏ విపత్తుకూ చలించని ఆ ముఖమూ పద్యంలోకి వచ్చేది.

యతిప్రియ: ఆ సవరణ నా పాదం కంటే మేలైనదే. ఇదిగో నా పూరణ:
సంతకమ్ము తోడ స్వాతంత్ర్య మణఁగెను
నటుని నొంచె సంస్థ నాటి నుండి
కాగితమ్మె యతనిఁ గాయపఱచె నయ్య!
ఇల్లు మీఁదఁ బడిన నేమి గాదు

పాతతాళపత్రం: "తోడ స్వాతంత్ర్య" దగ్గర తరువాతి సంయుక్తాక్షరం వల్ల డకారం గురువై (రెండు మాత్రల అక్షరమై) గణం చెడలేదా?

యతిప్రియ: "తోడ" వేరే తెలుగు పదం, అక్కడ సమాసం లేదు, కనుక అది లఘువే (ఒక మాత్రదే).

కృష్ణాతీరం: విరుపు గొప్పగా ఉంది. పసితనం నుండి తల్లిదండ్రులతో వేదికలెక్కి పడుతూ లేస్తూ పెరిగినవాడిని గోడలూ రైళ్లూ ఏమీ చేయలేకపోగా, 1928లో ఎం.జి.ఎం. చిత్రనిర్మాణ సంస్థతో చేసుకున్న ఒప్పందం కూలదోసిందని చెప్పడం నా పూరణకు అందని ఊహ. కానీ "నాటి నుండి" అన్నది నిజం కాదు. ఆ సంస్థలో తొలి చిత్రమైన 'ది కెమెరామన్' అతని మేలైన చిత్రాలలో ఒకటి; కథ మీదా హాస్యం మీదా అతని పట్టు ఆ తరువాతే క్రమంగా జారి, 1933లో సంస్థ అతన్ని తొలగించేదాకా వెళ్లింది.

నిర్వాహకులు: ఈ వారం యతిప్రియగారి పూరణకే ప్రథమస్థానం. కృష్ణాతీరంగారి అభ్యంతరం న్యాయమైనది కనుక రెండవ పాదాన్ని "నటుని నొంచె సంస్థ నానఁటికిని" అని మార్చి సంకలనంలో చేరుస్తున్నాము.