రోటవేటర్ బోల్టులు నిలవడం లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

కళ్యాణదుర్గం రైతు:
అన్నలందరికీ నమస్కారం. మాది ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని పొడి చేసే 6 అడుగుల రోటవేటర్, 42 బ్లేడ్లు. కొని మూడేళ్లయింది. నేల ఎర్ర నేల, గుండ్రాళ్లు ఎక్కువ. మొదటి రెండేళ్లు ఏ బాధా లేదు. ఈ ఏడాది చెనక్కాయల దుక్కి మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దున బిగించిన బ్లేడ్ బోల్టులు సాయంత్రానికి లూజు. నిన్న రెండు బ్లేడ్లు చేలోనే రాలిపోయాయి. పిల్లోళ్లను పెట్టి వెతికిస్తే ఒకటే దొరికింది. గేర్‌బాక్స్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులు కూడా వదులవుతున్నాయి. స్ప్రింగ్ వాషర్లు వేశాను, రెండేసి వేసి కూడా చూశాను. ఇక ఏం చేయాలో తెలియడం లేదు.

ఉరవకొండ డ్రైవర్:
నట్టు మీద వెల్డింగ్ చుక్క పెట్టించు, పీడా పోతుంది. మేము అదే చేస్తాం.

ఆదోని షెడ్డు:
వెల్డింగ్ మాట ఎత్తొద్దు అన్నా. ఆ వేడికి గట్టి బోల్టు మెత్తబడుతుంది, రేపు బ్లేడ్ అరిగితే కట్టర్ పెట్టి కోయాలి. మా షెడ్డుకు అలాంటివి వస్తే ఒక్కో బ్లేడ్‌కు ఒక్కో పూట పడుతుంది.

తమ్ముడూ, ముందు ఏ బోల్టులు వాడుతున్నావో చెప్పు. తల మీద 8.8 అనో 10.9 అనో గట్టిదనం చెప్పే అంకె ఉందా? అంకె లేని బోల్టు కిలోల లెక్కన చవకగా దొరుకుతుంది, కానీ గట్టిగా బిగిస్తే సాగిపోతుంది. సాగినది మళ్లీ పట్టదు.

రెండోది, నీ పానా పొడవెంత? 14 ఎంఎం 8.8 బోల్టుకు సుమారు 125 న్యూటన్ మీటర్ల (తిప్పే బలం కొలత) బిగువు కావాలి. చేతిలో జానెడు రింగ్ పానా ఉంటే దాని చివర 60 కిలోల బలం పెట్టాలి. చేలో వంగి కూర్చుని అంత బలం ఎవడు పెడతాడు? అదే పానాకు పైపు తొడిగి రెండడుగులు చేసుకుంటే 20 కిలోలతో అయిపోతుంది. నూటికి తొంభై మంది ‘గట్టిగానే బిగించాం’ అంటారు. బిగించింది సగమే ఉంటుంది.

కళ్యాణదుర్గం రైతు:
అంకె చూడలేదన్నా, రేపు చూస్తా. పానా మాత్రం జానెడే.

జమ్మలమడుగు, ఇప్పుడు మిన్నెసోటా:
మాది జమ్మలమడుగు పక్క పల్లె. ఇక్కడ చలికాలం మంచు మీద నడిపే స్నోమొబైల్ ఉంది నాకు. మీకు నవ్వు రావచ్చు గానీ బాధ ఒకటే. ఇందులో ఇంజిన్ నుంచి బెల్టు, బెల్టు నుంచి చైన్ కేసు, అక్కడి నుంచి కింద తిరిగే రబ్బరు పట్టాకు బలం వెళ్తుంది. పట్టా లోపలి సస్పెన్షన్‌ను బాడీకి పట్టి ఉంచే బోల్టులు నాలుగే. మొదటి ఏడాది అందులో ఒకటి ఎక్కడో మంచులో పడిపోయింది. నీ బ్లేడ్ చేలో అయినా దొరికింది, నా బోల్టు అదీ లేదు.

అప్పుడు కూర్చుని చదివాను. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు పరీక్షలు చేసి చూపించిన విషయం ఇది. బోల్టు ఎక్కువగా వదులయ్యేది పైకీ కిందకీ ఊగినప్పుడు కాదు, అది పట్టుకున్న రెండు రేకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా జరిగినప్పుడు. జరిగిన ప్రతిసారీ బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య పట్టు ఒక్క క్షణం సడలుతుంది, నట్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. స్ప్రింగ్ వాషర్ దీన్ని ఆపలేదు. బోల్టు బిగువులో కొద్ది భాగానికే అది చదునైపోతుంది, ఆ తర్వాత మామూలు వాషరే. రెండు వేసినా అంతే.

బోల్టును సన్నటి స్ప్రింగు అనుకో. బిగిస్తే కొంచెం సాగుతుంది, ఆ సాగుడే బ్లేడ్‌ను ఫ్లాంజ్‌కు, అంటే బ్లేడ్లు బిగించే పళ్లేనికి, అదిమి పెడుతుంది. అదుము చాలినంత ఉంటే రేకులు జరగవు.

ఆదోని షెడ్డు:
అదీ మాట. అందుకే బ్లేడ్ పెట్టే చోట మట్టి, తుప్పు, మందంగా వేసిన పెయింటు ఉండకూడదు. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, రెండు గంటలు నడిస్తే ఆ పొర నలిగిపోతుంది, బిగువు పోతుంది. వైర్ బ్రష్‌తో ఇనుము కనిపించేదాకా రుద్దు. కొత్త బ్లేడ్లు వేసిన రోజు మాత్రం రెండు గంటలకోసారి ఆపి బిగువు చూడాల్సిందే.

పత్తికొండ నల్లరేగడి:
మాకు రాళ్లు తక్కువ కాబట్టి ఇంత బాధ లేదు. నేను లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు వాడతాను, కానీ ఒకసారి విప్పింది మళ్లీ వేయను, పట్టు పోతుంది. గేర్‌బాక్స్ బోల్టులకు నీలం రంగు లాక్‌టైట్, అదే మరలను పట్టి ఉంచే జిగురు. మరలు పెట్రోలుతో కడిగి ఆరాక వేయాలి, జిడ్డు మీద పట్టదు. వేసిన రాత్రంతా వదిలేయాలి. ఎరుపు రంగుది మాత్రం వద్దు, బాగా కాల్చితే గానీ ఊడదు.

ఉరవకొండ డ్రైవర్:
లాక్‌టైట్ కన్నా నా వెల్డింగ్ చుక్కే చవక 😄

ఆదోని షెడ్డు:
చవకే అన్నా, విప్పేటప్పుడు మా షెడ్డుకు రా.

కళ్యాణదుర్గం తమ్ముడూ, రెండేళ్లు బాగుండి ఈ ఏడాదే మొదలైందన్నావు, అందులోనూ గేర్‌బాక్స్ బోల్టులు కూడా అన్నావు. నాకు అనుమానం బోల్టుల మీద కాదు. ఈ మధ్య పీటీఓ షాఫ్ట్, అదే ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌ను తిప్పే కడ్డీ, ఎవరైనా విప్పారా?

కళ్యాణదుర్గం రైతు:
విప్పారన్నా. ఉగాది ముందు షాఫ్ట్ వంగే చోట ఉండే జాయింట్ క్రాస్ పోతే ఊళ్లో మార్పించాం.

ఆదోని షెడ్డు:
దొరికింది. షాఫ్ట్ పొడవాటి రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరుతాయి కదా, వాటి లోపలి చివర జాయింట్‌ను పట్టుకునే రెండు చెవులూ ఒకే వరుసలో ఉండాలి. వంగిన జాయింట్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగంగా, రెండుసార్లు నెమ్మదిగా తిరుగుతుంది. చెవులు వరుసలో ఉంటే మొదటి జాయింట్ చేసిన తప్పును రెండోది సరిచేస్తుంది. అడ్డంగా కలిపేస్తే రెండు తప్పులూ కలిసి కుదుపవుతాయి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగితే 1,080 దెబ్బలు. ఏ బోల్టు నిలుస్తుంది?

ఇంకోటి, గట్టు దగ్గర తిప్పేటప్పుడు పీటీఓ ఆపకుండా రోటవేటర్‌ను పూర్తిగా పైకి లేపుతావా? అప్పుడు జాయింట్ బాగా వంగి టకటకమంటుంది. ఆ దెబ్బంతా గేర్‌బాక్స్‌కే. చూసేముందు ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకో, రోటవేటర్ కింద దిమ్మ పెట్టు. హైడ్రాలిక్‌ను నమ్మి కింద దూరొద్దు.

కళ్యాణదుర్గం రైతు:
అన్నా, నువ్వు చెప్పినట్టే ఉంది. చెవులు అడ్డంగా ఉన్నాయి! నేనే విప్పి వరుసకు పెట్టాను. ట్రాక్టర్ స్టార్ట్ చేయగానే శబ్దం మారిపోయింది, మా నాయన ఇంట్లో నుంచి బయటికొచ్చి ‘ఏమైందిరా’ అన్నాడు.

బోల్టుల మీద అంకె లేదు. 84 బోల్టులూ 8.8వి తెచ్చి, పైపు తొడిగి బిగించి, ఒక్కోదానికి నట్టు మీద నుంచి ఫ్లాంజ్ మీదకు తెల్ల పెయింటుతో గీత గీశాను.

జమ్మలమడుగు, ఇప్పుడు మిన్నెసోటా:
గీత మంచి పని చేశావు. నాదీ అదే అలవాటు. మైనస్ 20లో గ్లవ్స్ తీసి పానా పట్టుకోలేం కదా, టార్చి వేసి గీత కదిలిందా లేదా చూస్తే చాలు.

కళ్యాణదుర్గం రైతు:
వారం తర్వాత రాస్తున్నా. 18 ఎకరాలు దున్నాం. గేర్‌బాక్స్ బోల్టులు ఒక్కటీ కదల్లేదు. బ్లేడ్లలో మూడు గీతలు జరిగాయి, మూడూ ఎడమ చివర ఫ్లాంజ్‌వే.

ఆదోని షెడ్డు:
అక్కడ బ్లేడ్లు విప్పి రంధ్రాలు చూడు. గుడ్డులా సాగి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, ఆ ఫ్లాంజ్ మార్చాల్సిందే. ఫోటో పెట్టు.