ఆక్టేవియా బట్లర్ ఉద్యోగాలు చేస్తూ ఎలా రాశారు?

రాత్రిదీపం:
అమెరికా నల్లజాతి సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ నవల 'కిండ్రెడ్' చదవడం మొన్ననే పూర్తి చేశాను. రెండు రోజులు వేరే పని మీదికి మనసు పోలేదు. నేను పగలంతా బిల్లులు కొట్టి, రాత్రిళ్లు కథలు రాస్తాను. ఏడాదిగా పంపినవన్నీ తిరిగొస్తున్నాయి. పేరు రాకముందు ఆవిడ ఎలా నెట్టుకొచ్చారో ఎవరైనా చెబుతారా?

పాతపుస్తకం:
1995లో ఆవిడకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చిందండీ, ప్రతిభావంతులకు అమెరికాలో ఇచ్చే పెద్ద నగదు పురస్కారం, 2,95,000 డాలర్లు. సైన్స్ ఫిక్షన్ రచయితల్లో అది మొదట అందుకున్నది ఆవిడే.

అరుగు:
'కిండ్రెడ్' వచ్చింది 1979లో. ఆ డబ్బుకి చాలా ముందు. వీరు అడుగుతున్నది ఆ రోజుల గురించే.

1947లో కాలిఫోర్నియాలోని పసడీనాలో పుట్టారు. తండ్రి బూట్లు పాలిష్ చేసేవారు, ఈవిడ పసితనంలోనే పోయారు. తల్లి ఇళ్లలో పనిచేసేది. అమ్మ తెల్లవాళ్ల ఇళ్లలోకి వెనక గుమ్మంలోంచి వెళ్లడం, ఎన్ని మాటలన్నా నోరెత్తకపోవడం కళ్లారా చూశారు. తర్వాత కాలేజీలో ఒక నల్లజాతి కుర్రాడు, పాతతరం వాళ్లు అణిగిమణిగి బతికారని మండిపడ్డాడు. ఆ అణకువే తన కడుపు నింపిందని ఈవిడకు తెలుసు. ఇరవయ్యో శతాబ్దపు నల్లజాతి యువతి డానా బానిసత్వపు రోజుల్లోకి వెళ్లిపడే 'కిండ్రెడ్'కి బీజం అక్కడే పడింది. నేను ఆ నవల చదివిన ప్రతిసారీ మా అమ్మే గుర్తొస్తుంది.

ఇక మీ ప్రశ్న. 1970లో కొత్త సైన్స్ ఫిక్షన్ రచయితలకు శిక్షణనిచ్చే క్లారియన్ వర్క్‌షాప్‌కి వెళ్లినప్పుడు రెండు కథలు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఐదేళ్లు ఒక్కటీ పోలేదు! సెక్రటరీ ఉద్యోగం చూసుకోమని అమ్మ కోరిక. ఈవిడ మాత్రం బుర్రకు పని పెట్టని పనులే పట్టుకున్నారు: గిన్నెలు కడగడం, ఫోన్లో సరుకు అమ్మడం, ఆలూ చిప్స్‌లో చెడ్డవి ఏరడం. తెల్లవారుజామున రెండింటికే లేచి రాసుకుని, ఆ తర్వాత డ్యూటీకి. మొదటి నవల 'ప్యాటర్న్‌మాస్టర్' 1976లో వచ్చింది. 'కిండ్రెడ్'లో డానా రోజుకూలీ ఏజెన్సీ ద్వారా పనులకు వెళ్తుంది చూడండి, అదంతా అనుభవించి రాసిందే.

రాత్రిదీపం:
ఐదేళ్ల సంగతి నాకు తెలియదండీ. రాత్రి పన్నెండుకి కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది. రేపటి నుంచి పెందలాడే పడుకుని, నాలుగింటికి లేచి చూస్తాను.

పాతపుస్తకం:
నేను అవార్డు దగ్గరే ఆగిపోయాను, అరుగు గారూ. ఒక్కటి చేరుస్తాను. తన పుస్తకాలు బెస్ట్‌సెల్లర్ జాబితాకి ఎక్కుతాయని 1988లో ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. 2006లో, 58 ఏళ్లకే పోయారు. ఆవిడ నవల 'పారబుల్ ఆఫ్ ద సోవర్' న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాకి ఎక్కింది 2020లో. ఆ కాగితాలు ఇప్పుడు పసడీనా పక్కనే హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి.